జీనోమ్ వ్యాలీ పక్కన యానిమేషన్ క్లాసు

పొద్దున ఎనిమిదింటికి కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వెళ్లినా, రాజీవ్ రహదారి మీద తూంకుంట దాటి శామీర్‌పేట వైపు వెళ్లినా రోడ్డు నిండా కాలేజీ బస్సులే. ఆ బస్సులు దిగే పిల్లల్లో, చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే సిద్దిపేట, కామారెడ్డి పిల్లల్లో కొందరు మల్టీమీడియా, యానిమేషన్‌ను ఎలెక్టివ్‌గా తీసుకుంటారు. వాళ్లకు ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అంతకుముందు కొన్నేళ్లు స్టూడియోలో యానిమేటర్‌గా పనిచేశాను. చాలా కాలేజీల్లో ఈ చదువు తలకిందులుగా నడుస్తోంది. దాన్ని సరిచేయడానికి కావలసినవన్నీ ఈ రెండు రోడ్ల మధ్యే ఉన్నాయి.

తలకిందులు అని ఎందుకంటున్నానంటే, మొదటి క్లాసులోనే సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. ఏ మెనూలో ఏముందో చెబుతారు. పిల్లలు స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ల్యాబ్ రికార్డులో అతికిస్తారు, సంతకం పడుతుంది, మార్కులు పడతాయి. ఇలాగే ఒక తరం ఫ్లాష్ నేర్చుకుంది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ మద్దతు ఆపేసింది. అంతకుముందే డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ పోయింది. మెనూలు బట్టీ పట్టినవాళ్లు అక్కడే ఆగిపోయారు. కదలిక ఎలా పుడుతుందో తెలిసినవాళ్లు బ్లెండర్‌కో యూనిటీకో మారి పని కొనసాగించారు.

నేను మొదట బంతి ఇస్తాను. పైనుంచి కిందపడి ఎగిరే టెన్నిస్ బంతి, సెకనుకు 24 ఫ్రేములు, చేతిలో పెన్సిలు. దాదాపు అందరూ బంతిని సమాన దూరాల్లో గీసుకుంటూ పోతారు. ఆడించి చూస్తే అది సబ్బునురగ బుడగలా మెల్లగా దిగుతుంది. ఒక అబ్బాయిని అడిగాను, "ఇంటర్‌లో ఫిజిక్స్‌కు ఎన్నొచ్చాయిరా?" "అరవైకి యాభై ఎనిమిది మేడం" అన్నాడు. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రం బోర్డు మీద తడుముకోకుండా రాశాడు. ఆ సూత్రంతోనే లెక్క కట్టమన్నాను. మొదటి ఆరు ఫ్రేముల్లో, అంటే పావు సెకనులో, బంతి దాదాపు 31 సెంటీమీటర్లు పడుతుంది. తర్వాతి ఆరు ఫ్రేముల్లో దాదాపు 92. పైన గీతలు దగ్గర దగ్గరగా, కింద దూరం దూరంగా. మళ్లీ గీశాడు. ఈసారి బంతికి బరువు వచ్చింది. క్లాసంతా వాడి బెంచీ చుట్టూ మూగింది. వాడు చదువుకున్న ఫిజిక్స్ వాడి చేతిలోంచి బయటికొచ్చిన మొదటి రోజు అదేనని నేననుకుంటున్నాను. యానిమేషన్‌ను ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పడంలో ఉన్న సుఖం ఇదే. సగం పాఠం పిల్లలకు ముందే తెలుసు, చూడటం తెలియదు.

అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు మాత్రం సినిమా గురించే అడుగుతారు. అడగడంలో తప్పేమీ లేదు. 2012లో వచ్చిన 'ఈగ'కు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు తెచ్చింది హైదరాబాద్ స్టూడియో మకుట. 'లైఫ్ ఆఫ్ పై' పనిలో రిథమ్ అండ్ హ్యూస్ హైదరాబాద్ శాఖకూ చెయ్యి ఉంది. ఆ సినిమా 2013 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకునే నాటికి ఆ సంస్థ అమెరికాలో దివాలా పిటిషన్ వేసి ఉంది. బయటి ఆర్డర్ల మీద బతికే పనిలో ఆర్డరిచ్చేవాడు తుమ్మితే మనకు జ్వరం వస్తుంది. దానికి భిన్నంగా, రాజీవ్ చిలక హైదరాబాద్‌లోనే గ్రీన్ గోల్డ్ పెట్టి సొంత పాత్రను నమ్ముకున్నారు. 2008లో పోగో చానెల్లో మొదలైన 'ఛోటా భీమ్' ఇప్పటికీ పిల్లల బ్యాగుల మీద కనిపిస్తాడు. ఎవరి కోసం చేస్తున్నామో, అందులో మనదేమిటో తెలిసినవాళ్లకే నిలకడ.

మరి మా పిల్లలు ఎవరి కోసం చేస్తున్నారు? ప్రాజెక్టుల్లో అంతరిక్షంలో కాల్పులు జరిపే గేములు, అమెరికన్ సూపర్‌హీరోలను పోలిన బొమ్మలు. కిటికీలోంచి చూస్తే కనపడేంత దూరంలో జీనోమ్ వ్యాలీ ఉంది. కొవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడే. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మేడ్చల్‌లో పారిశ్రామికవాడ ఉంది. టీకా శరీరంలో ఏం చేస్తుందో ఊళ్లోవాళ్లకు చూపించాలి. భూమి తగాదాలో మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలో రైతుకు అర్థం కావాలి. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కార్మికుడికి ఏ మీట నొక్కకూడదో బొమ్మతో చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో కార్మికుల ప్రాణాలు తీసిన పేలుడు తర్వాత ఈ మాట నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది. భద్రత అంటే యంత్రాలు, తనిఖీలు, యాజమాన్యం బాధ్యత. కార్మికుడికి అర్థమయ్యే శిక్షణ కూడా అందులో భాగమే.

మా పిల్లల బృందం ఒకటి నిరుడు ఇక్కడి ఒక చిన్న మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే ఆడవాళ్ల కోసం ట్యాబ్‌లో ఆడే పాఠం తయారుచేసింది. లోపలికి వెళ్లేముందు టోపీ, మాస్కు, గౌను, చివరికి గ్లౌజులు ఏ వరుసలో వేసుకోవాలన్నదే విషయం. అంతవరకు వాళ్లకున్న శిక్షణ ఇంగ్లిష్‌లో అచ్చేసిన కాగితం, కింద సంతకం. పిల్లలు చేసిన మొదటి రూపంలో వరుస తప్పితే ఎర్ర గుర్తు పడి బజర్ మోగేది. ఒక పెద్దామె బజర్ వినగానే ట్యాబ్ కింద పెట్టేసింది. "తప్పయితే సూపర్‌వైజర్‌కు తెలుస్తదా బిడ్డా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ముందు పిల్లలు నోరెత్తలేకపోయారు. తిరిగొచ్చి బజర్ తీసేశారు. దాని బదులు, గ్లౌజులు ముందే వేసుకుని టోపీ సర్దుకుంటే తలలోని చుండ్రు రేణువులు గ్లౌజుకు అంటుకుని, అక్కడి నుంచి మాత్రల మీద రాలడం కనపడేలా చేశారు. రెండోసారి వెళ్లినప్పుడు అదే పెద్దామె కావాలనే తప్పు వరుస నొక్కింది, ఏమవుతుందో చూద్దామని. చూసి నవ్వి పక్కామెను పిలిచింది. ఇంటరాక్టివ్ అంటే ఏమిటో ఆ పిల్లలకు నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

తెలుగు అక్షరాల తంటా కూడా వాళ్లకు అక్కడే తెలిసింది. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన ఒత్తుల్ని తనంతట తాను కూర్చలేదు. 'జుట్టు' అని టైపు చేస్తే టకారాలు రెండూ విడివిడిగా నిలబడతాయి. చాలామంది అక్కడే విసిగి ఇంగ్లిష్‌కు వెళ్లిపోతారు. వీళ్లు గోడో అనే గేమ్ ఇంజిన్ నాలుగో వెర్షన్‌కు మారారు. అది ఉచితం, అందులో ఒత్తులు సరిగ్గా పడతాయి. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లూ ఉచితమే. ఖరీదైన లైసెన్సులు లేవన్న సాకు ఇప్పుడు ఏ కాలేజీకీ లేదు.

మామూలు జనం కోసం ఇలా తెర మీద పాఠం చేయడం మనకు కొత్త కాదు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆయన కోరిక మీద బాపు, రమణ సర్కారు బడుల పిల్లల కోసం వీడియో పాఠాలు తీశారు. తెలుగు సినిమాలో అంతటి పేరున్నవాళ్లు బడి పాఠానికి కూర్చున్నారు. ఆ పని చిన్నదని వాళ్లనుకోలేదు.

ఇక ప్లేస్‌మెంట్ ఆఫీసర్ల మాట: కంపెనీలు టూల్స్ అడుగుతాయి కదా? అడుగుతాయి. అయితే నేను పనిచేసిన స్టూడియోలో కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ముందు షో రీల్ చూసేవాళ్లం, మార్కుల మెమో కాదు. ఈ-లెర్నింగ్ సంస్థల్లోనూ చేసిన పనే మాట్లాడుతుంది. ఇప్పుడు ఒక వాక్యం రాస్తే వీడియో చేసిచ్చే ఏఐ కూడా వచ్చింది. బజర్ మోగితే ఆ పెద్దామె భయపడుతుందని దానికెవరు చెబుతారు? ఆమె పక్కన కూర్చున్న విద్యార్థే చెప్పాలి.

ఇక్కడి కాలేజీల్లో చాలావాటికి అటానమస్ హోదా ఉంది. సిలబస్ తామే రాసుకోవచ్చు, ఎవరి ఉత్తర్వు కోసమూ ఆగక్కర్లేదు. టూల్స్ మీద రాతపరీక్ష తీసేయండి. ప్రాజెక్టు మార్కుల్లో సగం, అది ఎవరి కోసం చేశారో ఆ మనిషి వాడినప్పుడు ఏం జరిగిందన్నదానికి ఇవ్వండి. వైవాకు ఆ మనిషిని కూడా పిలిచి కుర్చీ వేయండి. మేడ్చల్, శామీర్‌పేట పరిశ్రమల్లో భద్రత, శిక్షణ చూసే అధికారులకు నా మనవి వేరే ఉంది. రహస్యం కానిది, మీ కార్మికులకు రోజూ అవసరమయ్యే సూచనల కాగితం ఒక్కటి మా పిల్లల చేతికివ్వండి. వాళ్లు బొమ్మలు వేసుకుని వచ్చినప్పుడు మీ కార్మికుల సమయం ఒక గంట ఇవ్వండి, ఆ గంటకు జీతం కోయకుండా.