చారలు అబద్ధం చెప్పవు

నా కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి ఉంటుంది. ఇంటర్‌లో ఓ ఫ్రెండ్ ‘ఏంటే, ఒక పక్కకి వాలిపోయావ్’ అని నవ్వినప్పటి నుంచి నా బీరువాలో అన్నీ వదులు కుర్తీలే. చున్నీ ఎప్పుడూ కుడి పక్కనే. అడ్డచారల టాప్ అంటే పిచ్చి ఇష్టం, కానీ కార్ట్‌లో పెట్టడం, తీసేయడం... మూడేళ్లుగా ఇదే కథ!

మొన్న సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నీలం, తెలుపు చారల బనియన్ క్లాత్ కనిపించింది. 1858లో ఫ్రెంచ్ నౌకాదళం నావికుల యూనిఫాంలోకి తెచ్చిన చారలు ఉన్నాయే, అచ్చం అలాంటివే. మనసాగక మీటరున్నర తెచ్చేశా.

‘ముందు తడిపి ఆరెయ్. కుట్టాక కుంచించుకుపోతే ఏడుస్తావ్’ అంది అమ్మ. ఆరాక, నాకు సరిపోయే పాత టీషర్ట్‌ని పేపర్ మీద పరిచి గీసుకున్నా. గుడ్డ మడత పెట్టినప్పుడు పై చార కింది చార మీదే పడేలా గుండుసూదులు గుచ్చి కత్తిరించా. ముందు భాగంలో, వెనక భాగంలో చంక దగ్గర ఒకే చార రావాలి. లేకపోతే పక్క కుట్టు దగ్గర చారలు కలవవు.

ఇంత జాగ్రత్త పడి, మెడ పట్టీని మాత్రం మామూలు సూదితో, సాదా కుట్టుతో కుట్టేశా. తల దూర్చగానే టప్! దారం తెగింది. సాగే గుడ్డకి సాగే కుట్టే కావాలి. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది పెట్టి, సన్నటి జిగ్‌జాగ్ వేశా. గుడ్డని లాగుతూ కుట్టారో, అంచు అలలు అలలుగా వస్తుంది. జాగ్రత్త!

చేతులు అతకకముందు వేసుకుని అద్దం ముందు నిలబడ్డా. ఏముంది... చారలన్నీ కుడి పక్కకి జారిపోతున్నాయి. ఇన్నాళ్లూ చున్నీ కింద దాచింది గీతలు గీసి మరీ చూపిస్తున్నట్టుంది. ‘నాకొద్దమ్మా’ అని తీసేయబోయా.

‘కదలకు’ అంది అమ్మ, పెదాల మధ్య గుండుసూదులతోనే. కుడి భుజం చివర గుడ్డని పైకి లాగి చిటికెడు మడిచింది. మెడ దగ్గర సున్నా, భుజం చివర అర అంగుళం. అంతే, చారలు లేచి నేరుగా నిలబడ్డాయి!

‘మరి చంకలో బిగుస్తుందిగా?’

‘చంకనీ అంతే కిందికి కత్తిరిస్తాంలే. నీ హాఫ్‌శారీ జాకెట్ దగ్గర్నుంచి అన్నీ ఇలాగే కుడుతున్నా కదే. నీకెప్పుడైనా తెలిసిందా?’

తెలియలేదు. ఇన్నేళ్లుగా నేను దాచుకుంటున్నదాన్ని అమ్మ మామూలు కొలతల్లో కలిపేసింది. ఒక్కసారి కూడా దాన్ని లోపం అనలేదు.

సోమవారం ఆ టాప్‌తోనే ఆఫీసుకెళ్లా. చున్నీ ఇంట్లోనే ఉండిపోయింది.

మీరూ కుడతారా? అయితే ముందు చేత్తో పొడుగు కుట్లు వేసుకుని అద్దంలో చూసుకోండి. చార ఎటు వాలితే అటు భుజం దగ్గర సరిచేయండి. సరిచేయాల్సింది గుడ్డని. మీ భుజాన్ని కాదు!