చీటీ మీద లేని రెండు మాటలు

తెల్లవారుజామున మూడింటికి కాలి బొటనవేలు నిప్పు మీద పెట్టినట్టు మండుతుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని నొప్పి. సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన ఒక పెద్దమనిషికి ఇలా జరిగిందనుకుందాం. యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర మొదలుపెట్టి అప్పటికి పన్నెండు రోజులే. "తగ్గాల్సింది పోయి పెరిగింది, ఈ గోలీ నాకు పడలేదు" అని పొద్దున్నే స్ట్రిప్పు అవతల పడేస్తాడు. అదే వీధిలో ఇంకొకాయనకు అదే మాత్ర మొదలుపెట్టిన మూడోవారంలో ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు, సన్నటి జ్వరం. ఆయన మాత్రం ఆపడు. "వేడి చేసింది" అని ఇంట్లో మజ్జిగ కలిపిస్తారు. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, దురదకు ఏదన్నా ఇయ్యి" అని ఇంకో గోలీ తెచ్చుకుని, రెండూ కలిపి మింగుతాడు.

ఆపకూడని మనిషి ఆపాడు. ఆపాల్సిన మనిషి ఆపలేదు.

గౌట్ మందుల దుష్ప్రభావాల విషయంలో మన దగ్గర జరిగే పెద్ద పొరపాట్లు ఈ రెండే. మందు రాసినవాళ్లూ అమ్మినవాళ్లూ రెండు మాటలు చెప్పి ఉంటే రెండూ తప్పేవి. నొప్పి తిరగబెడితే ఆపొద్దు. దద్దుర్లు వస్తే ఆపి వెంటనే రండి. చీటీ వెనక ఇది రాయడానికి అర నిమిషం పట్టదు.

నొప్పి ఎందుకు తిరగబెడుతుందో తెలిస్తే మొదటి పెద్దమనిషి భయపడేవాడు కాదు. రక్తంలో యూరిక్ యాసిడ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్లలో పేరుకుంటుంది. అల్లోప్యురినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ మొదలుపెట్టగానే రక్తంలో మట్టం పడిపోతుంది, కీళ్లలోని పాత నిల్వ కరిగి కదలడం మొదలవుతుంది. ఆ కదలికకు ఒంట్లోని రక్షణ కణాలు రెచ్చిపోతాయి. అంటే ఆ రాత్రి మంట, మందు పనిచేస్తోందనడానికి గుర్తు. అందుకే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020 మార్గదర్శకాలు మొదటి 3 నుంచి 6 నెలలు కాల్చిసిన్ లాంటి మందును తక్కువ మోతాదులో తోడు ఇవ్వమంటాయి. అల్లోప్యురినాల్‌ను రోజుకు 100 మిల్లీగ్రాములకు మించకుండా, కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 కంటే కిందికి దిగేదాకా మెల్లగా పెంచమంటాయి. ఇక్కడ ఓపిక కావాల్సింది రోగికి ఎంతో డాక్టరుకూ అంతే.

  

ఇక దద్దుర్లు. అల్లోప్యురినాల్ వాడిన నూటికి ఇద్దరు ముగ్గురికి చర్మం మీద ఏదో ఒకటి కనిపించవచ్చు, చాలావరకు మందు ఆపగానే సర్దుకుంటుంది. అరుదుగా మాత్రం అది ప్రాణం మీదికి తెచ్చే ప్రతిచర్యగా ముదురుతుంది: జ్వరం, ముఖం వాపు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడిరావడం, లివర్, కిడ్నీలు దెబ్బతినడం. ఇది ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది. తైవాన్ పరిశోధకులు 2005లో దీనికీ హెచ్‌ఎల్‌ఏ-బి 5801 అనే జన్యు రూపానికీ ఉన్న గట్టి సంబంధాన్ని బయటపెట్టారు. హాన్ చైనీయులు, కొరియన్లు, థాయ్‌లు, ఆఫ్రికన్ అమెరికన్లకు ముందే ఆ పరీక్ష చేయమని 2020 మార్గదర్శకాలు సూచించాయి. ఆ జాబితాలో భారతీయులు లేరు. కాబట్టి మనకు ఆ మొదటి వారాల్లో కాపలా మన కళ్లే.

అల్లోప్యురినాల్ వెనక కథలో ఒక తెలుగు నీడ ఉంది. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో పనిచేస్తున్న రోజుల్లో, అక్కడే ప్యూరిన్ల మీద పనిచేసి 1933లో డాక్టరేట్ తీసుకున్నవాడు జార్జ్ హిచింగ్స్. తర్వాత ఆయన గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి అల్లోప్యురినాల్‌ను వెలికితీశాడు. 1988 నోబెల్ పంచుకున్న ముగ్గురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. తమాషా ఏమిటంటే ఆ మందును వాళ్లు మొదట వెతికింది గౌట్ కోసం కాదు. 6-మెర్కాప్టోప్యూరిన్ అనే ల్యుకేమియా మందు ఒంట్లో త్వరగా విరిగిపోకుండా అడ్డుకునేందుకు. ఆ అడ్డుపడే గుణమే యూరిక్ యాసిడ్‌నూ తగ్గించింది. ఆ గుణమే ఇప్పటికీ ప్రమాదం. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, లూపస్ ఉన్నవాళ్లు వాడే అజథయోప్రిన్ ఒంట్లోకి వెళ్లాక 6-మెర్కాప్టోప్యూరిన్‌గా మారుతుంది. దానికి అల్లోప్యురినాల్ తోడైతే ఎముక మజ్జ కుప్పకూలవచ్చు. ఇద్దరు డాక్టర్ల రెండు చీటీలు ఒకే టేబుల్ మీదికి రాకపోతే ఈ ప్రమాదం ఎవరి కంటా పడదు.

కాల్చిసిన్‌దీ అలాంటి కథే. మన అడవుల్లో, కంచెల మీద ఎర్రగా పూసే అగ్నిశిఖలోనూ ఈ పదార్థం ఉంది. పక్కనున్న తమిళనాడు రైతులు గింజల కోసం ఆ తీగను సాగు చేస్తారు. విషం మోతాదుకూ మందు మోతాదుకూ మధ్య దూరం తక్కువ. విరేచనాలు పట్టుకునేదాకా గంటగంటకూ ఇవ్వడం పాత పద్ధతి. 2010లో వచ్చిన ఒక పరీక్ష ఆ అలవాటును తిరగేసింది: మొత్తం 1.8 మిల్లీగ్రాములు ఇచ్చినా, 4.8 ఇచ్చినా నొప్పి తగ్గడంలో తేడా లేదు, విరేచనాలు మాత్రం ఎక్కువ మోతాదులో నూటికి 77 మందికి, తక్కువలో 23 మందికి. గొంతు నొప్పికి రాసే క్లారిథ్రోమైసిన్ దీనికి తోడైనప్పుడు, ముఖ్యంగా కిడ్నీలు బాగాలేనివాళ్లలో, మరణాలు సంభవించాయి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పే మనం చీటీ లేకుండా దొరికే డైక్లోఫెనాక్ గురించి పెద్దగా మాట్లాడం. కొన్ని రకాల బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర, ఈ నొప్పి గోలీ మూడూ కలిస్తే కిడ్నీలకు గట్టి దెబ్బ. గౌట్ ఉన్నవాళ్లలో చాలామందికి మొదటి రెండూ ముందే ఉంటాయి. నీరు తీసే మాత్రల్లో కొన్ని యూరిక్ యాసిడ్‌నూ పెంచుతాయి. అలాగని గుండెకు రాసిన మాత్రలను సొంతంగా మానేయకూడదు, డాక్టరును అడగాలి.

ఫెబుక్సోస్టాట్ మీద వాదన చూస్తే ఈ జంటనగరాల పాత వాదన ఒకటి గుర్తొస్తుంది. 1889లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో హైదరాబాద్‌లో క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద రెండో కమిషన్ కూర్చుంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, లాన్సెట్ పత్రిక తరఫున వచ్చిన లాడర్ బ్రంటన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్ ప్రమాదం శ్వాసతోనే, నేరుగా గుండెతో కాదని తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తర్వాతి తరం రుజువు చేసింది. ఫెబుక్సోస్టాట్ విషయంలో వరస తిరగబడింది. గుండెజబ్బున్న గౌట్ రోగుల్లో అల్లోప్యురినాల్‌తో పోలిస్తే గుండె మరణాలు ఎక్కువని 2018 పరీక్ష చెప్పింది, 2019లో అమెరికా ఔషధ సంస్థ మందు సమాచార పత్రంలో గడి గీసి గట్టి హెచ్చరిక పెట్టించింది, 2020లో యూరప్ పరీక్ష అలాంటి తేడా లేదంది. ఇలాంటి చిక్కుముడి విప్పడానికి వాడినవాళ్ల అనుభవం ఎవరో ఒకరు రాసిపెట్టాలి. మన దేశంలో ఆ పని కోసం 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. 1800-180-3024 ఉచిత నంబరు, రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. వీధి మలుపు షాపుల్లో ఆ నంబరు గోడ మీద ఉందా అని ఓసారి చూడండి.

దద్దుర్లు వచ్చి తగ్గిన ఆ రెండో ఆయనకు ఇంకో పని మిగిలే ఉంటుంది. ఆయనకు గుర్తుండేది స్ట్రిప్పు మీది కంపెనీ పేరు. మూడేళ్ల తర్వాత వేరే ఆస్పత్రిలో, వేరే పేరుతో, అదే మందు చీటీలోకి ఎక్కవచ్చు. అల్లోప్యురినాల్ అన్న అసలు పేరును తెలుగులో ఎర్రసిరాతో ఓ కాగితం మీద రాసి పర్సులో ఆధార్ కార్డు పక్కన పెట్టుకోవాలి, స్పృహ లేని స్థితిలో తీసుకెళ్లేది కోడలైనా మనవడైనా చదివి చెప్పగలిగేలా.