పుప్పొడికీ ఓ వాతావరణం ఉంది

సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఖాళీ అవుతుండగానే సామర్లకోటలో కొన్ని ఇళ్లలో తుమ్ములు మొదలవుతాయి. ‘బాబుకి మళ్లీ జలుబు చేసింది’ అంటూ పాత మందుల చీటీ వెతుకుతాం. జ్వరం ఉండదు. ముక్కు నుంచి నీళ్లు కారతాయి, కళ్లు దురద పెడతాయి. పోయినేడాదీ ఇదే నెలలో ఇలాగే అయిందన్న సంగతి మనకి గుర్తుండదు. ఏటా ఒకే కాలంలో వచ్చే ‘జలుబు’ని అలర్జీ ఏమోనని అనుమానించాలి. దానికి చెట్ల పుప్పొడి ఒక కారణం. అలర్జీకి యాంటీబయాటిక్ పనిచేయదు.

మామిడి పూత, వేప పూత కంటికి కనబడతాయి కాబట్టి నింద వాటి మీద వేస్తాం. నిజానికి వాటి పుప్పొడిని ఎక్కువగా మోసేవి పురుగులే. గాలిని నమ్ముకున్న చెట్ల తీరు వేరు. సరుగుడునే చూడండి. అది పూసినట్టే అనిపించదు, కానీ తేలికైన పొడి పుప్పొడిని గాలిలోకి వదిలేస్తుంది. కాకినాడ తీరం వైపు సరుగుడు తోటలున్నాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే అది వచ్చేది మన వైపే. మన వీధిలో ఆ చెట్టు లేదు కదా అని ధీమాగా ఉండలేం.

ఈ పుప్పొడి ఎప్పుడు ఎక్కువగా లేస్తుందో నిర్ణయించేది వాతావరణమే. ఉదయపు మంచు ఆరి, పొడి ఎండ కాసి, గాలి వీస్తుంటే పుప్పొడి బాగా ఎగురుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే పెద్దగా లేవదు. బాగా వాన కురిస్తే గాలి కడిగినట్టవుతుంది, అలర్జీ ఉన్నవారికి కాస్త ఊపిరాడుతుంది.

అయితే వాన మొదలయ్యే ఘడియ మాత్రం వేరు. వేసవి సాయంత్రం ఉరుములతో వచ్చే ఈదురుగాలి పుప్పొడిని పైకి లేపి నేల దగ్గరికి తోస్తుంది. తడి తగిలిన కొన్ని రేణువులు పగిలి ముక్కలవుతాయి. నిండు రేణువు చాలావరకు ముక్కులోనే ఆగుతుంది, ఈ ముక్కలు ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇలాంటి గాలివాన తర్వాత వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు. పదిమంది చనిపోయారు. అక్కడ ఎగిరింది గడ్డి పుప్పొడి. బాధితుల్లో చాలామందికి అంతకుముందు ఉన్నది తుమ్ములే, ఉబ్బసం కాదు. మనకీ అంత ముప్పు వస్తుందని భయపెట్టడం కాదు. తుమ్ములే కదా అని వదిలేయకూడదని చెప్పడమే.

టీవీలో వానా ఎండా చెబుతారు గానీ మన ఊరి పుప్పొడి లెక్క చెప్పరు. ఆ లెక్క మీరే రాసుకోవచ్చు. గోడ మీది క్యాలెండరులో తుమ్ములొచ్చిన రోజున ‘పొడి గాలి’, ‘ఉరుములు’, ‘వాన వెలిశాక’ అని ఒక మాట రాయండి. రెండు మూడు నెలల తర్వాత ఆ కాగితాలు డాక్టరుకి చూపించండి. ఏ పరీక్ష అవసరమో, మందు ఎప్పుడు మొదలెట్టాలో తేల్చడానికి అవి పనికొస్తాయి.

పొడి గాలి వీచే రోజుల్లో బట్టలు డాబా మీద కాకుండా ఇంట్లో ఆరేయండి. బండి మీద వెళ్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి. బయటి నుంచి రాగానే ముఖం కడుక్కోండి. ఉరిమితే అలర్జీ ఉన్న పిల్లల్ని లోపలికి పిలిచి కిటికీలు వేయండి. డాక్టరు రాసిన ఇన్‌హేలరును తగ్గిందనుకుని మీ అంతట మీరు ఆపొద్దు. పిల్లికూతలు, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

వాతావరణాన్ని మనం మార్చలేం. నాటే మొక్కను మాత్రం ఎంచుకోగలం. పుప్పొడి అలర్జీని ఒక కారణంగా చూపి గుజరాత్ ప్రభుత్వం 2023లో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. ఉన్న చెట్లు నరకమని కాదు. ఈసారి మీ కాలనీలో మొక్కలు నాటేటప్పుడు నీడ, అందంతో పాటు దాని పుప్పొడి సంగతీ అడగండి.