రెండో కారు ఎవరి కోసం?

మొదటి కారు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కలు వేస్తారు. మైలేజీ ఎంత, నెల కిస్తీ ఎంత, సర్వీసింగ్ ఎక్కడ అని వంద ప్రశ్నలు. రెండో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ చర్చ పలచబడి, ఎత్తైన పెద్ద బండి కావాలన్న కోరిక ముందుకొస్తుంది. దేశం తీరూ అలాగే ఉంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో అమ్ముడైన దాదాపు 43 లక్షల ప్యాసింజర్ వాహనాల్లో 28 లక్షలు యుటిలిటీ వాహనాలే. ఎస్‌యూవీలతో పాటు ఎర్టిగా, ఇన్నోవా లాంటివీ ఆ లెక్కలో ఉన్నాయి. 2024 క్యాలెండర్ ఏడాది అమ్మకాల్లో వ్యాగన్ఆర్‌ను దాటి మొదటి స్థానానికి చేరింది టాటా పంచ్. దాదాపు నాలుగు దశాబ్దాల్లో మారుతి కాని కారు ఆ స్థానంలో నిలవడం అదే తొలిసారి.

గమనించాల్సింది ఏమిటంటే, పంచ్ పొడవు 3,827 మిల్లీమీటర్లే. జనం అంతగా కొన్నది ఎస్‌యూవీల వరుసలో చిన్నవాటిలో ఒకదాన్ని. రెండో కారు కోసం షోరూం మెట్లెక్కేవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి ఇది. ఇంట్లో ఉన్న కారు చేయలేని పనేదో ముందు తేల్చుకుంటే, చాలా కుటుంబాలకు అవసరమైన ఎస్‌యూవీ తాము ఊహించుకున్న దానికంటే పొట్టిగానే తేలుతుంది.

ఆ పనుల్లో మొదటిది, ప్రకటనల్లో పెద్దగా కనిపించనిది, ఇంట్లో పెద్దవాళ్లు బాధపడకుండా ఎక్కి దిగడం. మోకాళ్ల నొప్పులున్న మనిషికి సెడాన్ సీటు ఒక పరీక్ష. కూర్చోవాలంటే బాగా వంగాలి, దిగాలంటే రెండు చేతులూ ఊతం కావాలి. అలాగని థార్, స్కార్పియో-ఎన్ లాంటి ఎత్తైన ఎస్‌యూవీలు ఆ కష్టాన్ని తీర్చవు, దాని దిశ మారుస్తాయి. అక్కడ కాలు పైకెత్తి, పక్క హ్యాండిల్ పట్టుకుని లోపలికి ఎక్కాలి. చీర కట్టుకున్న అమ్మమ్మకు అదీ కష్టమే. పంచ్, ఎక్స్‌టర్, వెన్యూ, నెక్సాన్ లాంటి వాటి సీట్లు ఈ రెండింటికీ మధ్య ఎత్తులో ఉంటాయి. ఒంటిని కిందికి దించకుండా, పైకి లాగకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు. పంచ్ తలుపులు 90 డిగ్రీలు తెరుచుకోవడం చిన్న సంగతిలా కనిపించినా, ఆసుపత్రికి వెళ్లే రోజున దాని విలువ తెలుస్తుంది. అందుకే టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లో పెద్దావిణ్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. సన్‌రూఫ్ కంటే ముందు చూడాల్సింది ఆమె వెనక సీట్లో ఎలా కూర్చుంటున్నారన్నదే.

రెండో ప్రశ్న, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటుంది? చాలా ఇళ్లలో రెండో కారు నడిపేది ఇల్లాలో, కొత్తగా లైసెన్సు వచ్చిన కూతురో. డ్రైవరు సీటు ఎత్తు మార్చుకునే వీలుందా, స్టీరింగ్ దగ్గరికి జరుగుతుందా, బోనెట్ ముందు నిలబడ్డ చిన్నపిల్లాడు కనిపిస్తాడా అన్నవి చూడాలి. బోనెట్ ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న నేల కనపడదు. స్కార్పియో-ఎన్ పొడవు 4,662 మిల్లీమీటర్లు, వెడల్పు 1,917. పంచ్ వెడల్పు 1,742. అంటే పొడవులో రెండు ముప్పావు అడుగులు, వెడల్పులో ఏడు అంగుళాల తేడా. అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండు పిల్లర్ల మధ్య తలుపు తెరిచి దిగగలమా లేదా అన్నది ఆ ఏడు అంగుళాల్లోనే తేలిపోతుంది. అంత పెద్ద బండిలో మూడు వరుసలూ నిండితే వెనక సామాన్లకు చోటు దాదాపు మిగలదు. నెక్సాన్‌కు ఉన్నది రెండే వరుసలు కానీ డిక్కీ 382 లీటర్లు.

నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీలు ఇన్ని రావడానికి మూలం పన్నుల్లో ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజిన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు అన్నవి షరతులు. ఆ గీత జీఎస్టీలోనూ కొనసాగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు లోపలున్న వాటికి 18 శాతం, దాటిన వాటికి 40 శాతం. పొడవు సరిపోయినంత మాత్రాన చాలదు. 3,995 మిల్లీమీటర్ల బ్రెజా ఇంజిన్ 1,462 సీసీ కావడంతో అది 40 శాతంలో పడింది. ఒకే సైజు బండ్ల ధరల్లో తేడా ఎందుకో షోరూంలో అడిగితే సగం జవాబు ఇదే.

ఇంధనం విషయంలో పాత నమ్మకాన్ని వదులుకోవాలి. ఎస్‌యూవీ అంటే డీజిలే అన్న ఆలోచన రెండో కారుకు నష్టం చేస్తుంది. బీఎస్-6 డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే హైవే మీద కొంతసేపు ఆగకుండా నడిచి, పొగ బాగా వేడెక్కాలి. బడికీ కూరగాయల మార్కెట్‌కూ మధ్య తిరిగే బండికి ఆ వేడి అందదు. ఫిల్టరు పూడుకుపోయి డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఆపైన వర్క్‌షాపు ఖర్చు. ఇలాంటి వాడకానికి పెట్రోలు మేలు, ఇంట్లో చార్జింగ్ వీలుంటే విద్యుత్ కారు ఇంకా మేలు. దూరాభారం వెళ్లడానికి మొదటి కారు ఉండనే ఉంది కాబట్టి, దారిలో చార్జింగ్ అయిపోతుందన్న బెంగ రెండో కారుకు వర్తించదు. విద్యుత్ కార్లపై జీఎస్టీ 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో వాటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజుల మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించింది. అయితే సెల్లారులో ప్లగ్ పాయింట్‌కు అసోసియేషన్ ఒప్పుకున్నాకే అడ్వాన్సు కట్టాలి.

పెద్ద బండి అయితే ప్రాణాలకు భరోసా అన్న మాటనూ సరిచూసుకోవాలి. 2016లో కార్ల భద్రతను తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు వచ్చింది సున్నా స్టార్. 2022లో స్కార్పియో-ఎన్ ఐదు స్టార్లు సాధించింది. బండి పరిమాణం కంటే దాని కట్టుబడిలో, పరికరాల్లో వచ్చిన మార్పే అందుకు కారణం. 2024లో కొత్త డిజైర్ అనే మామూలు సెడాన్‌కూ ఐదు స్టార్లు దక్కాయి. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష తప్పనిసరి కాదు. కొనబోయే మోడల్ ఆ పరీక్షకు వెళ్లిందో లేదో అడగడం కొనేవాడి హక్కు. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే ఎన్ని స్టార్లున్నా ఫలితం ఉండదు.

ఎత్తు మీద ఇంకో భ్రమ వర్షాకాలంలో బయటపడుతుంది. రెండడుగుల పైచిలుకు, అంటే 650 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదని కంపెనీ చెప్పే థార్ కూడా 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వరద లాంటి దాని ముందు నిలవదు. నీటిలో ఆగిపోయిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే లోపల నీరు చేరి పాడవుతుంది. మామూలు సమగ్ర బీమా సాధారణంగా ఆ నష్టాన్ని భరించదు. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి.

పెద్ద ఎస్‌యూవీ సరైన ఎంపిక అయ్యే ఇళ్లూ ఉన్నాయి. ఆరేడుగురు తరచూ సొంతూరికి వెళ్లే కుటుంబానికి ఏడు సీట్ల బండి కావాల్సిందే. అయితే అప్పుడు కొంటున్నది నిజానికి మొదటి కారు. ఇంట్లో ఉన్న పాత హ్యాచ్‌బ్యాక్‌ను అమ్మకుండా దాన్నే రెండోదిగా ఉంచుకుంటే సరిపోతుంది.

చివరగా, కాగితాల మీద పేరు. తెలంగాణలో ఒకే వ్యక్తి పేరిట రెండో సొంత కారు రిజిస్టర్ చేస్తే జీవితకాల పన్ను మరో 2 శాతం పెరుగుతుంది. పైగా బీమాలో యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద రక్షణ, ఆర్‌సీలో పేరుండి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉన్నవారికే వర్తిస్తుంది. రోజూ ఆ బండి నడిపేది భార్య అయితే, రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే చేయించాలి.