దరఖాస్తు నాటి వయసే లెక్క కావాలి

అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ 2025 ఆగస్టు 8న ఒక విధాన ప్రకటన వెలువరించి, గ్రీన్ కార్డు కోసం తల్లిదండ్రుల వెంట వరుసలో నిలిచిన పిల్లల వయసును లెక్కగట్టే పద్ధతిని మార్చివేసింది. వారం తిరిగేసరికి, ఆగస్టు 15న, ఆ మార్పు అమల్లోకి వచ్చింది. వీసా బులెటిన్ అని పిలిచే నెలవారీ ప్రకటనలో రెండు పట్టికలుంటాయి. కాగితాలు ఎప్పుడు దాఖలు చేసుకోవచ్చో మొదటిది చెబుతుంది. వీసా నంబరు నిజంగా ఎప్పుడు చేతికందుతుందో రెండవది చెబుతుంది. అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డు కోరేవారి పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి మొదటి పట్టికతో వయసు కట్టేవారు. ఆ పట్టికలో తేదీలు ముందుగా వస్తాయి గనుక, ఇరవై ఒకటి నిండబోతున్న పిల్లల్లో కొందరైనా గట్టెక్కేవారు. ఇప్పుడు ఆ ఆసరా పోయింది. విదేశాల్లోని కాన్సులేట్లు రెండవ పట్టికనే వాడుతున్నాయి గనుక అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఒకే పద్ధతి కావాలనుకున్నవారు మేలైన పట్టికను కాన్సులేట్లకూ వర్తింపజేసి ఉండవచ్చు. రక్షణ ఉన్నవారి నుంచి దాన్ని లాగివేసి, లేనివారితో సమానం చేశామనడం న్యాయం కాదు.

అయితే పట్టికల మార్పు పైకి కనిపించే పుండు మాత్రమే. అసలు రోగం చట్టంలో ఉంది. అన్న తమ్ముణ్ని, తల్లి పెళ్లయిన కూతుర్ని స్పాన్సర్ చేసినప్పుడు, ఆ కుటుంబంలోని పిల్లల వయసును దరఖాస్తు అందిన నాడు కాక, ఏళ్లూ పూళ్లూ గడిచి వీసా వచ్చిన నాడు లెక్కించడమే ఆ రోగం. ఇది తొలగవలసిందేనని, తొలగించే శక్తి అమెరికా కాంగ్రెస్‌కు మాత్రమే ఉన్నదని, ఆ కాంగ్రెస్‌ను ఎన్నుకునే ఓటర్లలో వేలాది తెలుగువారు ఉండీ ఈ విషయంలో నోరు విప్పకపోవడం ఇక చెల్లదని చెప్పడానికే ఈ కరపత్రం.

చట్టం ఇచ్చిన హక్కు ఏమిటో ముందు చూడాలి. అమెరికా పౌరుల భార్యాభర్తలకు, ఇరవై ఒకటి నిండని పెళ్లికాని పిల్లలకు, తల్లిదండ్రులకు సంఖ్యాపరిమితి లేదు. వయసు వచ్చిన సంతానానికి, తోబుట్టువులకు మాత్రం ప్రాధాన్య తరగతులనే కోటాలున్నాయి. పౌరుల పెళ్లికాని పెద్ద పిల్లలది ఎఫ్-1, గ్రీన్ కార్డుదారుల పెళ్లికాని పెద్ద పిల్లలది ఎఫ్-2బి, పౌరుల పెళ్లయిన సంతానానిది ఎఫ్-3, పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లది ఎఫ్-4. ఎఫ్-4కు ఏడాదికి 65,000 వీసాలు. ఈ సంఖ్యను 1990 నాటి చట్టం నిర్ణయించింది. ఆనాటి నుంచి అది అంగుళం కదలలేదు. పైగా ఏ దేశానికీ మొత్తంలో ఏడు శాతానికి మించి దక్కకూడదన్న పరిమితి ఉంది. 140 కోట్ల భారతదేశానికీ, లక్ష జనాభా లేని ద్వీపదేశానికీ అదే ఏడు శాతం.

ఫలితం బులెటిన్‌లోనే కనిపిస్తుంది. 2025లో భారతీయ తోబుట్టువుల కోటాలో వీసాకు నోచుకున్నవి 2006లో వేసిన దరఖాస్తులు. అమెరికా విదేశాంగ శాఖ 2023 నవంబరు నాటి లెక్కలో ఈ ఒక్క తరగతిలోనే ప్రపంచవ్యాప్తంగా వేచి ఉన్నవారు 20 లక్షలు దాటారు. ఇరవై లక్షలను 65,000తో భాగిస్తే ముప్ఫై ఏళ్లు వస్తుంది. నేడు తమ్ముడి పేరిట కాగితాలు వేసే అన్నకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. రుసుము మాత్రం తీసుకుంటారు.

ఇప్పుడు పిల్లల సంగతి. తమ్ముడికి వీసా వచ్చినప్పుడు అతని భార్య, ఇరవై ఒకటి నిండని పెళ్లికాని పిల్లలు అతని వెంట వెళ్లవచ్చు. వీరినే డెరివేటివ్‌లు, అంటే అసలు అభ్యర్థి హక్కుపై ఆధారపడి వచ్చేవారు అంటారు. ఇరవై ఒకటి నిండిన బిడ్డ ఈ జాబితా నుంచి తొలగిపోవడాన్ని ఏజ్ అవుట్ అంటారు. ఈ అన్యాయాన్ని తగ్గిస్తామంటూ 2002 ఆగస్టు 6న బాలల హోదా రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం వీసా నంబరు అందిన నాటి వయసులోంచి, దరఖాస్తు ఆమోదం పొందడానికి ప్రభుత్వ కార్యాలయంలో పట్టిన కాలాన్ని తీసివేస్తారు. ఆమోదం తరువాత వరుసలో గడిచిన కాలాన్ని మాత్రం తీసివేయరు. ఈ లెక్క ఎంత వక్రమైనదో ఒక ఉదాహరణతో తేలిపోతుంది. 2006లో దరఖాస్తు వేసేనాటికి ఒక ఇంట్లో బిడ్డకు నాలుగేళ్లు అనుకుంటే, 2025లో ఆ బిడ్డకు ఇరవై మూడు. ఆమోదానికి ఐదేళ్లు పట్టి ఉంటే, లెక్కలో వయసు పద్దెనిమిది. బిడ్డ తల్లిదండ్రుల వెంట వెళ్లవచ్చు. ఒక్క ఏడాదిలోనే ఆమోదం వచ్చి ఉంటే లెక్కలో వయసు ఇరవై రెండు. బిడ్డ ఇంటి దగ్గరే ఉండిపోవాలి. గుమాస్తా ఫైలును అటకెక్కిస్తే కుటుంబం కలుస్తుంది, చకచకా సంతకం పెడితే చీలుతుంది. పౌరుడి కుటుంబం నిలవడం, కూలడం కార్యాలయపు బద్ధకం మీద ఆధారపడిన చట్టాన్ని రక్షణ చట్టమని పిలవడం భాషకే అవమానం.

అంతకన్నా కోపం తెప్పించే సంగతి మరొకటి ఉంది. అదే 2002 చట్టం, అమెరికా పౌరుడు తన సొంత మైనరు బిడ్డ కోసం వేసే దరఖాస్తులో బిడ్డ వయసును దరఖాస్తు నాటితోనే స్థిరపరిచింది; ఆ తరువాత ఎన్నేళ్లు గడిచినా బిడ్డ చట్టం దృష్టిలో బిడ్డే. శరణార్థుల పిల్లలకూ దరఖాస్తు నాటి వయసే ప్రమాణం. అంటే దరఖాస్తు నాటి వయసును లెక్కించడం సాధ్యం కాని పని కాదు, కొత్త ఊహా కాదు. ఆ పద్ధతిని ఆ చట్టమే రాసుకున్నది, రాసుకుని, అత్యంత దీర్ఘంగా వేచి ఉండేవారికి మాత్రమే నిరాకరించింది. నెలల్లో పని తెమిలేవారికి పూర్తి రక్షణ, ఇరవై ఏళ్లు నిలబడేవారికి అరకొర తీసివేత! ఎక్కువ కాలం నిలబెట్టినవారికి తక్కువ రక్షణ ఇవ్వడంలో ఏ తర్కమూ లేదు.

న్యాయస్థానానికి వెళ్లినవారికి ఏమైందో కూడా తెలియవలసి ఉంది. వయసు మించిన పిల్లలు కొత్తగా వరుస చివర నిలబడనక్కర లేకుండా, పాత దరఖాస్తు తేదీని నిలుపుకోవచ్చని 2002 చట్టంలోనే ఒక వాక్యం ఉంది. దాన్ని ఆధారం చేసుకుని కొన్ని కుటుంబాలు పోరాడగా, అమెరికా సుప్రీంకోర్టు 2014 జూన్ 9న, స్కియాలబ్బా వర్సెస్ క్వెయార్ డి ఒసోరియో అనే కేసులో, 5–4 తేడాతో వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ కేసులోని ఒక కుటుంబంలో 1998లో అమ్మమ్మ దరఖాస్తు వేసేనాటికి మనవడికి పదమూడేళ్లు. 2005లో వీసా వచ్చేనాటికి అతనికి ఇరవై ఒకటి నిండి నాలుగు నెలలే అయింది. ఆ నాలుగు నెలల కోసం తల్లీ కొడుకుల దారులు వేరయ్యాయి. చట్టంలోని మాట అస్పష్టంగా ఉంది గనుక ప్రభుత్వ సంస్థ చెప్పిన అర్థాన్నే మన్నించాలన్నది న్యాయమూర్తి ఎలీనా కేగన్ రాసిన అభిప్రాయపు సారం. అస్పష్టత ఉన్నచోట సంస్థ మాటకే తలవంచాలన్న ఆ సూత్రాన్ని అదే కోర్టు 2024 జూన్‌లో కొట్టివేసింది. అయితే ఆ సూత్రం మీద నిలిచిన పాత తీర్పులు ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోవని కూడా చెప్పింది. పునాది తీసివేసి గోడను నిలబెట్టినట్టయింది. కనుక కోర్టు తలుపు దగ్గర ఇంకా కాచుకుని కూర్చోవడం వృథా. అస్పష్టంగా రాసిన కాంగ్రెస్సే స్పష్టంగా తిరగరాయాలి.

వయసు ఒక్కటే ఉచ్చు కాదు. స్పాన్సర్ చేసిన అన్న వీసా రాకముందే కన్నుమూస్తే, ఆమోదం పొందిన దరఖాస్తు కూడా దానంతటదే రద్దవుతుంది. మానవతా కారణాలతో పునరుద్ధరించమని వేడుకోవచ్చునే గాని, అది హక్కు కాదు, అధికారి దయ. లబ్ధిదారు అమెరికాలో నివసిస్తూ ఉంటే 2009లో వచ్చిన సవరణ కొంత కాపాడుతుంది. తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఉన్నవారికి అదీ లేదు. యాభై ఏళ్లు దాటిన అన్న దరఖాస్తు వేస్తే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతికి ఉండడం అతని చట్టపరమైన బాధ్యత అయిపోతుంది. ఇక గ్రీన్ కార్డుదారు తన పెద్ద కూతురి కోసం వేసిన ఎఫ్-2బి దరఖాస్తు, ఆ కూతురికి పెళ్లయిన రోజునే చచ్చిపోతుంది, ఎందుకంటే గ్రీన్ కార్డుదారుల పెళ్లయిన పిల్లలకు తరగతే లేదు. కుటుంబ ఐక్యత పేరు పెట్టుకున్న చట్టం ఆడపిల్ల మెడలో తాళి పడకుండా కాపలా కాస్తున్నది.

వరుసలో ఉన్నవారు చూసిపోవడానికైనా వెళ్లగలరా అంటే, అదీ అనుమానమే. సందర్శక వీసా దరఖాస్తులో, మీ పేరిట ఎవరైనా వలస దరఖాస్తు వేశారా అన్న ప్రశ్న ఉంది. అవునన్నవారిని, తిరిగిరాని ఉద్దేశం ఉన్నవారిగా అధికారి భావించి తిరస్కరించే వీలు ఉంది. తోబుట్టువు మీద ప్రేమతో వేసిన కాగితమే ఆ తోబుట్టువు కర్మకాండకు వెళ్లకుండా అడ్డుపడగలదు. చివరికి పిలుపు వచ్చినా, హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉండగా ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు ముంబయి వెళ్లాలి. ఊళ్లో మంత్రసాని చేతిలో పుట్టిన తరం తమ జననం రిజిస్టరులో లేదన్న ధ్రువపత్రం తెచ్చి, పదవ తరగతి మార్కుల మెమోతో, పెద్దల అఫిడవిట్లతో తాము పుట్టామని, ఒకే తల్లికి పుట్టామని నిరూపించుకోవాలి.

ఇన్ని అడ్డంకుల వెనక ఉన్న చరిత్రను మరువరాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో ఆ తలుపు తెరిచినప్పుడు, దేశం మొత్తానికి ఇచ్చిన కోటా ఏడాదికి 100. 1965 అక్టోబర్ 3న లిండన్ జాన్సన్ స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర సంతకం చేసిన చట్టం జాతి కోటాలను రద్దు చేసి, కుటుంబ బంధాన్ని వలసకు మొదటి అర్హతగా నిలిపింది. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ వైద్య కళాశాలల్లో చదివిన తెలుగు డాక్టర్లు ఆ చట్టంతోనే వెళ్లారు, పౌరులయ్యారు, తమ్ముళ్లను, చెల్లెళ్లను పిలిపించుకున్నారు. నేడు అమెరికాలో సుఖంగా ఉన్న ఎన్నో తెలుగు ఇళ్లకు పునాది రాయి ఆ తోబుట్టువుల కోటాయే. ఆ నిచ్చెన ఎక్కినవారే నేడు ఉద్యోగుల గ్రీన్ కార్డు వరుస ముఖ్యమని, అన్నదమ్ముల కోటా పోతే పోనిమ్మని అంటూ ఉంటే, అది కృతఘ్నత తప్ప మరొకటి కాదు. 2013 జూన్ 27న సెనేట్ 68–32తో ఆమోదించిన బిల్లు తోబుట్టువుల తరగతిని పూర్తిగా ఎత్తివేయ తలపెట్టింది. ప్రతినిధుల సభ ఆ బిల్లును చేపట్టలేదు గనుక ఆ తరగతి బతికింది. ఆ గండం మళ్లీ రాదన్న భరోసా లేదు.

దీన్ని చైన్ మైగ్రేషన్ అని, ఒకరి వెనక ఒకరుగా వచ్చి దేశాన్ని నింపేస్తారని వాదించేవారికి జవాబు సులభం: ఇరవై ఏళ్లకొక లంకె పడే గొలుసు దేన్నీ నింపదు. ప్రభుత్వానికి భారమన్న వాదం అసలు నిలవదు; స్పాన్సర్ పేదరిక పరిమితికి 125 శాతం ఆదాయం చూపి, పోషణ హామీపత్రం మీద సంతకం చేయాలి, వచ్చినవారు పౌరులయ్యేదాకానో, పదేళ్ల పనికి సమానమైన నలభై త్రైమాసికాలు పూర్తయ్యేదాకానో ఆ హామీ అతన్ని వదలదు.

కోరవలసినవి నాలుగు. ఒకటి, అన్ని కుటుంబ తరగతుల్లోనూ పిల్లల వయసు దరఖాస్తు నాటితో స్థిరపడాలి. రెండు, స్పాన్సర్ మరణించినా దరఖాస్తు బతకాలి, హామీపత్రం మరో బంధువు ఇస్తే చాలాలి. మూడు, గ్రీన్ కార్డుదారుల సంతానానికి పెళ్లి అనర్హత కాకూడదు. నాలుగు, వెంట వచ్చే భార్యాబిడ్డలను 65,000లో లెక్కించడం మానాలి. నలుగురున్న ఇల్లు నాలుగు నంబర్లు మింగే పద్ధతిలో అసలు తోబుట్టువులకు దక్కేది అందులో కొంతే. మొదటి కోరిక మిగిలిన మూడింటికన్నా ముందు నిలవాలి, ఎందుకంటే దానికి ఒక్క వీసా నంబరు కూడా అదనంగా పుట్టించనక్కర లేదు, చట్టంలో వాక్యం మారిస్తే చాలు.

అమెరికాలోని తెలుగు ఓటర్లు తమ ప్రతినిధి కార్యాలయానికి ఈ నాలుగు కోరికలు రాసి పంపాలి, సమాధానం వచ్చేదాకా వదలకూడదు. సంఘాల మహాసభలు సినీతారల సన్మానాలకు ఇచ్చే వేదికమీద ఒక్క పూట ఈ తీర్మానానికి ఇవ్వాలి. విరాళాల విందుకు వచ్చే ప్రతి అభ్యర్థినీ ముందు ఈ ప్రశ్న అడగాలి. తెలుగునాట వేచి ఉన్న కుటుంబాలు ఆమోదపత్రం మీది తేదీలను నేడే చూసుకుని, బిడ్డ వయసు లెక్క కట్టుకుని, వీసా అందుబాటులోకి వచ్చిన ఏడాదిలోగా బిడ్డ తరఫున చర్య తీసుకోకపోతే ఉన్న రక్షణా పోతుందని గుర్తుంచుకోవాలి.

దరఖాస్తు అందిన నాడు ప్రభుత్వం ఇచ్చే రశీదు మీద ఒక తేదీ ఉంటుంది; దాన్ని ప్రయారిటీ డేట్ అంటారు. వరుసలో ఎవరి వెనక ఎవరు నిలబడాలో ఆ తేదీయే తేలుస్తుంది. ఇరవై ఏళ్లు నిలబెట్టడానికి ఆ తేదీ చాలినప్పుడు, ఆ నాడు అమ్మ ఒళ్లో ఉన్న బిడ్డ వయసు తేల్చడానికీ అదే తేదీ చాలాలి.