వినోదవనమున ఒక దినము



మన ప్రబంధములలో కవులు పాటింపవలసిన పదునెనిమిది వర్ణనలలో ఉద్యానవిహారమును జలక్రీడయు గలవు. ఆ కావ్యములలోని రాణులు వనమునకు బోవునపుడు గొడుగు పట్టుటకొక చెలికత్తెయు, తాంబూలమందించుటకు మఱియొకతెయు, విడిచిన నగలను గాచుటకు వేఱొకతెయు వెంట నుందురు. నేటి గృహిణి పిల్లలతో వినోదవనమునకు బోవునపుడు ఆ చెలికత్తెల పనులన్నియు తానే చేయుచున్నది. రాణి స్థానము మాత్రము ఖాళీగ నుండుచున్నది. సాయంకాలమునకు పిల్లలు బండెడు ముచ్చట్లు చెప్పుదురు. తల్లి చూచినది సంచులు పెట్టిన బల్ల యొక్కటియే! పండుగ దినము పనిదినముగ మాఱకుండుటకు ముందుగ జేసికొనవలసిన ఏర్పాట్లను ఈ మాసము ముచ్చటింతము.

హైదరాబాదునుండి విజయవాడకు బోవు మార్గమున 1996లో నెలకొల్పబడిన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరముల విస్తీర్ణము గలది. సందర్శకులను లోపల బస్సులలో ద్రిప్పి చూపుదురు. ఇంతటి స్థలమును ఒక్క దినమున విడువక చూడవలెనను పట్టుదలయే అలసటకు మూలము. కనుక ముందటి రాత్రి ఇంటిల్లిపాదియు గూర్చుండి, ఎవరు తప్పక చూడగోరునది వారు ఒక్కటి చెప్పవలెను. అత్తమామలను గూడ అడుగవలెను. తల్లియు తన కోరిక చెప్పవలెను. "నాకేమున్నది, మీరు చూచిన చాలును" అను మాట ఆ రాత్రి పనికిరాదు.

దసరా, సంక్రాంతి సెలవులలోను, ఆదివారములందును జనసమ్మర్దము మెండు. వీలయినచో పనిదినమును ఎంచుకొనుట మేలు. మన ప్రాంతమున ఏప్రిల్, మే మాసముల ఎండ పసివారికిని వృద్ధులకును ప్రమాదకరము. 1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ వినోదవనము తెఱచిననాడు ఎండ తీవ్రముగ నుండెను. త్రాగునీటి కుళాయిలు పెక్కు పనిచేయలేదు. క్రొత్తగ బోసిన తారు మెత్తబడి స్త్రీల ఎత్తుమడమల చెప్పులు దానిలో దిగబడినవట. అంత ధనము వెచ్చించి కట్టినచోటనే నీరును నీడయు గొఱవడినచో వినోదము వ్యథ యయ్యెను. మనమును నీటిసీసాలు, టోపీలు, నడకకు అలవాటుపడిన చెప్పులు మొదట సర్దుకొనవలెను.

బయటి ఆహారమును లోనికి రానీయని నియమము ఇట్టి చోట్ల పెక్కింట గలదు. పసిపిల్లల ఆహారమునకును, రోగుల మందులకును ఏమి వెసులుబాటు గలదో ముందుగ విచారించుకొనవలెను. ఉదయమున ఇంటనే ఇడ్లీలో, పెరుగన్నమో కడుపునిండ దిని, మధ్యాహ్నము అందఱికంటె ముందుగ భోజనశాలకు బోయినచో నిలువుకాళ్ల జీతము తప్పును.

పెద్ద ఊయలలు, గిరగిర దిరుగు చక్రములు ఎక్కుటకు ఇంత యెత్తుండవలెనని నియమము గలదు. పిల్లల యెత్తును ఇంటనే గొలిచి, దేనికి పంపుదురో దేనికి పంపరో ముందే చెప్పినచో ద్వారముకడ ఏడ్పులుండవు. గర్భవతులును, హృద్రోగము, రక్తపుపోటు, నడుమునొప్పి గలవారును వేగముగ దిరుగువానిని ఎక్కరాదు. చీరచెఱగు, ఓణీ, జడకుచ్చులు యంత్రములలో జిక్కుకొనగలవు, వానిని బిగించుకొనవలెను. నీటి క్రీడలకు వేఱు దుస్తులు గావలెనందురు. ఆ నియమమును దెలిసికొని, మార్చుకొనుటకొక జత ఉంచుకొనవలెను.

బయలుదేరునపుడు పిల్లలను సెల్‌ఫోనులో ఒక బొమ్మ తీసికొనుడు. తప్పిపోయినచో ఏ రంగు చొక్కా తొడిగితిమో తడుముకొనక చూపవచ్చును. ఫోను సంఖ్య వ్రాసిన చీటిని జేబులో నుంచి, దారి తప్పినచో అక్కడి ఉద్యోగి దుస్తులు ధరించినవారితోనే చెప్పవలెనని నేర్పుడు. ఆటవస్తువులకు తలకింత యని సొమ్ము నిర్ణయించినచో అంగడికడ బేరము మనకును బిడ్డకును నడుమ జరుగదు.

ఇక ముఖ్యమైన మాట. సంచులు గాచుట ఒక్కరి పని గారాదు. గంటకొకరు వంతున పతియు, ఎదిగిన కుమారుడును, కుమార్తెయు కూర్చుండవలెను. మామగారు నీడను విశ్రమించినను సంచులభారము ఆయనపై మోపరాదు. తల్లి కోరినదానిని మధ్యాహ్నమునకు ముందే చూపవలెను; సాయంకాలమునకు వాయిదా వేసినది సాధారణముగ జరుగదు. ఆమె ఊయల యెక్కి నవ్వినచో పిల్లలకు అంతకంటె చూడదగినది ఆ వనమున మఱియొకటి లేదు.

మూసివేయుటకు ఒక గంట ముందుగనే తిరుగుముఖము పట్టుడు. రాత్రికి చారు, అప్పడము చాలును. అదియు ఆ దినము సంచులు తక్కువగ గాచినవారు చేయుదురు గాక!