అమ్మ కడుపులో పుండు సంగతి ఎవరూ అడగలేదు

అమ్మకు 66 ఏళ్లు. నిరుడు కళ్లు తిరుగుతున్నాయంటే ఎమ్మారై తీయించాం. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం మీద, కంటికి వెనకగా, 5 మిల్లీమీటర్ల ఉబ్బు కనబడింది. పగల్లేదు. అన్యూరిజం అన్న మాట మా ఇంట్లో వినబడటం అదే మొదలు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో పది నిమిషాల్లో తేల్చేశారు. ‘‘కోత లేదు, కుట్లు లేవు. తొడ దగ్గర చిన్న రంధ్రం. ఫ్లో డైవర్టర్ పెడితే మూడో రోజుకి ఇంట్లో ఉంటారు’’ అని ఖర్చు అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఆరేళ్ల కిందట అమ్మ కడుపులో పుండుతో నెత్తురు కక్కుకున్న సంగతి వాళ్లు అడగలేదు. చెప్పాలని మాకూ తోచలేదు.

అసలు తేల్చాల్సింది ఆ పుండు సంగతేనని రెండో డాక్టరు దగ్గర తెలిసింది. ఫ్లో డైవర్టర్ సన్నని తీగలతో అల్లిన జల్లెడ గొట్టం. ఉబ్బులోకి ఏమీ దూర్చరు. దాని మూతికి అడ్డంగా నాళంలో ఈ గొట్టాన్ని పరుస్తారు. రక్తం తన దారిన పోతుంటే ఉబ్బు నెలల మీద మూసుకుపోతుంది. కానీ ఆ లోహం మీద నెత్తురు గడ్డకట్టి నాళమే పూడిపోకుండా ఆస్పిరిన్, దాంతోపాటు క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో మాత్ర నెలల తరబడి వాడాలి. ఒకసారి నెత్తురు కక్కిన కడుపుకి ఆ రెండు మాత్రలూనా!

ఇంకో పద్ధతి కాయిలింగ్, ఇది పాతది. 1990లో లాస్ ఏంజెలెస్‌లో గుల్యెల్మీ అనే డాక్టరు బృందం మొదలుపెట్టింది. ఉబ్బులో ప్లాటినం తీగ చుట్టలు నింపుతారు. స్టెంట్ లేకుండా కుదిరితే మాత్రల బెడద తక్కువ. కాకపోతే చుట్టలు అణిగి, ఉబ్బులోకి రక్తం మళ్లీ చేరొచ్చు. అందుకే యాంజియోలు తప్పవు. మూతి వెడల్పయితే చుట్టలు జారకుండా స్టెంట్ కావాలి, స్టెంటంటే మళ్లీ ఆ మాత్రలే. అమ్మది వెడల్పు మూతి. ఏ పద్ధతిలోనైనా, పని జరుగుతుండగానే గడ్డ కదిలి పక్షవాతం వచ్చే ముప్పు కొంత ఉంటుంది. కోత లేదన్నంత మాత్రాన ముప్పు లేదని కాదు.

ఆగి చూడటం కూడా ఒక దారేనని మొదటి చోట ఎవరూ అనలేదు. 2003లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనంలో, అంతకుముందు అన్యూరిజం పగలనివాళ్లలో, మెదడు ముందువైపు నాళాల మీది 7 మిల్లీమీటర్ల లోపు ఉబ్బులు ఐదేళ్లలో ఒక్కటీ పగల్లేదు. వెనకవైపువి 2.5 శాతం పగిలాయి. ఆ లెక్క మీద విమర్శలున్నాయి, చిన్నవీ పగులుతాయి. అయినా నిర్ణయానికి ముందు ఆ అంకె మా చెవిన పడాలి కదా.

ఖర్చు కాగితంతోపాటు ఇంకో కాగితం ఇవ్వాలని నా పట్టుదల. ఏ పద్ధతికి ఏ మాత్రలు ఎన్ని నెలలు, యాంజియోలు ఎన్ని, ఆగితే ఏమిటి, ఇవన్నీ పక్కపక్కన తెలుగులో రాసి ఉండాలి. రోగికి పుండుందా, ఆ మాత్రలు ఆపాల్సివచ్చే మోకాలి ఆపరేషన్ లాంటిదేదైనా అనుకుంటున్నారా అన్న ప్రశ్నలు అందులో మొదటే ఉండాలి.

అమ్మ ఆగుదామంది. బీపీ మాత్ర ఒక్కపూట కూడా తప్పనివ్వడం లేదు. ఆరు నెలల స్కాన్‌లో ఉబ్బు అంతే ఉంది. తరవాతిది సంక్రాంతి వెళ్లాక. ఆసుపత్రి ఫైల్లో అన్నిటికంటే పైన పుండునాటి పాత ఎండోస్కోపీ రిపోర్టు పెట్టుకుంది.